ఎడమకు వాలిన గడ

బీరువా అడుగు అరలో, పన్ను రసీదుల కింద
నాన్న గీసిన మొదటి కాగితం ఉంది.
దాని నడుమ కాఫీ కప్పు వదిలిన గోధుమరంగు వలయం.
చిన్నప్పుడు అదే అసలు చిహ్నమనుకున్నాను.

నాన్న పేరు వీబ్రెన్. పడవల మీద పేర్లు రాసేవాడు.
ఫ్రీస్‌లాండ్ పడమటి పల్లెల గడదూకుడు సంఘం వాళ్ళు
ఒక మంచు సాయంత్రం బూట్లు దులుపుకుంటూ వచ్చి
చొక్కాల మీదికి ఒక గుర్తు గీసిపెట్టమన్నారు.
పక్క సంఘానికి సింహముందట, కత్తి కూడానట,
మనమేం తీసిపోయామన్నారు.

"సింహం ఎన్నడైనా కాలువ దూకిందా?" అన్నాడు నాన్న.

మా దగ్గర పొలానికీ పొలానికీ నడుమ కంచె ఉండదు,
నీళ్ళుంటాయి.
మార్చిలో తీతువు గడ్డిలో గుడ్లు పెడితే
వెతకబోయేవాడు గడ భుజాన వేసుకునేవాడు.
బురదలో దిగబడకుండా దాని కొసకు ఒక బిళ్ళ.
ఇవాళ మేం చప్పట్లు కొట్టే ఈ ఆట
ఒకప్పుడు ఒకడి రాత్రి భోజనం.

అందుకే నాన్న గుడ్డు గీశాడు.
బురద రంగు గుడ్డు, మీద సిరా చిలికినట్టు మచ్చలు.
ఒక ఎర్రని తామరాకు. మా జెండా మీదిదే,
పొరుగూళ్ళవాళ్ళు చూసి ప్రేమగుర్తు అనుకునేది.
ఎడమన పచ్చని ఒడ్డు, కుడిన ఇసుక,
నడుమ కాలువలో కుడికి వాలిన గడ.
గడ మీద మనిషి లేడు.

"మనిషేడీ?" అన్నాడు కోశాధికారి హాటె.
"చొక్కాలో ఉంటాడుగా" అన్నాడు నాన్న.

చొక్కాలు నగరంలో కుట్టించారు.
నలభై రెండు. డబ్బు ముందే కట్టేశారు.
పెట్టె విప్పితే గడ ఎడమకు వాలి ఉంది.
అటువైపు ఖాళీగా కనిపించిందట,
అందం కోసం తిప్పారట ఆ కుట్టుపనివాళ్ళు.

గడదూకేవాడెవడికైనా తెలుసు దాని అర్థం:
పరుగు తీశాడు, గడ అందుకున్నాడు,
కాళ్ళకు చుట్టిన సైకిల్ ట్యూబు పట్టుతో పైకి పాకాడు,
గడ నిటారుగా నిలిచింది, ఒక్క క్షణం ఆలోచించింది,
మళ్ళీ వచ్చిన దారినే వాలింది.
ఓడిపోవడం కూడా కాదు అది.
స్నానం.

ఆ రాత్రి సంఘం గదిలో అరుపులు.
నాన్న మాత్రం చొక్కాను దీపానికి ఎత్తిపట్టి
చాలాసేపు చూశాడు.
"ఈ నలభై రెండు మందిలో
తడవనివాడెవడో లేచి నిలబడండి,
వాడి చొక్కా నా ఖర్చుతో విప్పి కుడతాను" అన్నాడు.

కుర్చీ ఒక్కటీ కదల్లేదు.
హాటె దగ్గాడు.

ఇప్పుడు గడలు కార్బన్‌వి.
తీతువు గుడ్డు తీస్తే జరిమానా.
పొలాల్లో తీతువులే తగ్గిపోయాయి,
ఉన్న గూళ్ళ పక్కన కర్రలు పాతి
ట్రాక్టరుకు దారి మళ్ళిస్తున్నారు, ఒకప్పుడు గుడ్లేరిన చేతులతోనే.
కొత్త కార్యవర్గం ఉత్తరం రాసింది:
గుడ్డు తీసేద్దాం, గీతలు తగ్గిద్దాం,
గడను సరైన దిక్కుకు వాల్చుదాం,
ఫోను తెర మీద చిన్నగానైనా కనిపించాలి.
జవాబు గురువారంలోగా కావాలట.

మొన్న శనివారం హాటె మనవరాలు, పన్నెండేళ్ళ అవ్కె,
గడ కొస దాకా పాకింది. నిజంగా కొస దాకా.
గడ నిలిచింది.
ఒడ్డునున్న మేమంతా కుడికి ఒరిగాం,
మా బరువుతో అది వాలుతుందన్నట్టు.

నీళ్ళలోంచి లేచి వచ్చింది, ముక్కు చీదుతూ.
ఛాతీ మీద కుట్టిన ఎర్రాకు పక్కన
నిజం ఆకు ఒకటి అతుక్కుని ఉంది, పచ్చగా, సగం చిరిగి.
తీసెయ్యబోతే నా చెయ్యి తోసేసింది.
"ఉండనీ" అంది,
మళ్ళీ వరసలోకి పోయి నిలబడింది,
చొక్కా అంచు పిండుకుంటూ.

గురువారం దాటిపోయింది.
కాగితం మళ్ళీ రసీదుల కింద పెట్టాను.